డప్పుల వెనక నడవని బండి

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఏమీ ఉండేది కాదు. బడికి పోకుండా ఇంట్లోనే చదువుకున్నవాళ్లకు ఈ జబ్బు తొందరగా పట్టుకుంటుంది. పక్కన కూర్చుని మనకంటే ముందు లెక్క చేసి చూపించే పిల్ల ఎవరూ ఉండరు కదా. చిన్నప్పుడు నాకు ఉబ్బసం ఉండేది. అందుకని మేడ్చల్‌లో మా ఇంటి వరండాలోనే కూర్చోబెట్టి నాయినే నాకు చదువు చెప్పాడు. ప్రైవేటుగా పదో తరగతి రాసి, లెక్కల్లో మంచి మార్కులు తెచ్చుకుని, ఇక నన్ను పాలిటెక్నిక్‌కు పంపమని పట్టుబట్టాను. నాయిన ఒప్పుకోలేదు. బస్సులో తోసుకుంటూ సిటీకి పోయి రావాలి, మళ్లీ ఆయాసమొస్తే దిక్కెవరు అన్నాడు. ఆయన కాదనలేని మాట ఒక్కటే ఉండేది, అది మా మేనమామ మాట.

మేనమామది శామీర్‌పేట. పొలాలు ప్లాట్లయిన కాలంలో ఆయన కూడా పటేలు నుంచి ప్లాట్ల వ్యాపారి అయ్యాడు, ఆ పైన సర్పంచి కావాలనుకున్నాడు. ఆయనకు సీటు కిందికి ఉండి, కాళ్లు ముందుకు చాపుకొని నడిపే పెద్ద క్రూజర్ మోటారుసైకిలు ఉండేది. ఏదో పుస్తకంలో ముందు చక్రం మనిషికి ఆమడ దూరంలో ఉన్న బండి బొమ్మ చూశాడు. నామినేషన్ ఊరేగింపుకు తన బండి కూడా అట్లాగే కావాలన్నాడు. "ఊర్లకు చక్రం ముందుగాల పోవాలె, దాని వెనుకంగ నేను రావాలె" అని అందరికీ చెప్పుకున్నాడు. పని ఉస్తాద్‌కు ఒప్పజెప్పాడు. ఉస్తాద్ మేడ్చల్ హైవే పక్కన మామ ప్లాటులోనే రేకుల షెడ్డు వేసుకుని ఏళ్లుగా బండ్లు బాగుచేసేవాడు. కాగితం లేదు, కిరాయి లేదు, మామ నోటి మాట మీద నిలబడిన షెడ్డు అది. కొలతల లెక్క మాత్రం నన్ను చేయమన్నాడు మామ. "నీ లెక్క సరిగ్గొస్తె మీ నాయినతోని నేను మాట్లాడ్త పో" అన్నాడు. అంతే, ఆ బండి ముందు చక్రానికి నా చదువును కట్టేశాను.

చేయాల్సిన పని చెప్పడానికి తేలికే. హ్యాండిల్ తిరిగే గొట్టాన్ని బండి మెడ అంటారు. ఆ మెడను కోసి, ఇంకొంచెం వాలుగా పెట్టి అతికిస్తే, చక్రాన్ని పట్టుకునే పొడుగు ఫోర్కులతో అది ముందుకు పోతుంది. కాకపోతే ఆ వాలుతో పాటు ఇంకొకటి మారుతుంది. మెడ గీతను నేల దాకా సాగదీస్తే అది టైరు నేలను తాకే చోటుకు కొంచెం ముందుగా పడుతుంది. ఆ మధ్య దూరమే బండి గుణం. ఉస్తాద్ దాన్ని వేళ్లతో కొలిచేవాడు. మామూలుగా బెత్తెడున్నర ఉండాలట. నేను కోణమానినితో, టాంజెంట్ పట్టికతో రెండు రాత్రులు కూర్చుని, మామ కోరిన వాలుకు అది జానెడుకు కొంచెం తక్కువ అవుతుందని తేల్చాను. (ఆ లెక్క ఇప్పటికీ తప్పు కాదు. అక్కడే వచ్చింది చిక్కంతా.) దూరం పెరిగితే బండి ఇంకా తిన్నగా పోతుందని నాయిన పాత ఇంగ్లీషు పుస్తకంలో ఉంది. కాబట్టి ఇదే మేలని తీర్పు చెప్పాను.

ఉస్తాద్ కాగితాన్ని చాలాసేపు చూశాడు. "బేటీ, లెక్క సహీ ఉంది. గానీ గిది ఉరికే బండి లెక్క. మెల్లగ నడిపిస్తె తల వాలుస్తది. ఫోర్కులు పట్టుకునే ప్లేట్లను గూడ జర వాలుగ జేయిస్త, దూరం మళ్ల తగ్గుతది. లేత్ మీద వారం పని" అన్నాడు. నామినేషన్‌కు నాలుగు రోజులే ఉన్నాయి. ప్లేట్లు అక్కర్లేదని, పుస్తకంలో ఉన్నదే ఖాయమని చెప్పాను. ఆ గొంతు తలచుకుంటే ఇప్పుడు నాకే ఒక మొట్టికాయ వేసుకోవాలనిపిస్తుంది. చదువుకున్న పిల్ల అని ఆయనకు నా మీద మర్యాద. నేనిచ్చిన వాలుకే మెడ కోసి అతికించాడు. మామ హైవే మీద నడిపి చూస్తే బండి గీత గీసినట్టు పోయింది. తిరిగి వచ్చి నా తల నిమిరాడు. ఆ సాయంత్రం దేవుడి దగ్గర నెయ్యి దీపం పెట్టాను.

ఊరేగింపు అంటే నడక అని నాకూ మామకూ తట్టనే లేదు. డప్పులు ముందు, వాటి వెనక మామ, ఆయన వెనక జనం, అంతా అడుగులో అడుగు. అటు తిప్పితే హ్యాండిల్ పూర్తిగా అటే పడిపోతోంది, ఇటు తిప్పితే ఇటే, మేయడానికి తల దించిన ఎద్దులాగా. రెండు చేతులతో బిగబట్టి ఉంచితే ఎట్లాగో పోయేదేమో. కానీ ఓటు అడిగే మనిషి చేతులు జోడించకుండా ఎట్లా? కుడివైపు మేడ మీది ఆడవాళ్లకు దండం పెట్టాడు, బండి ఎడమకు పోయింది. ఎడమవైపు అరుగు మీది ముసలాయనకు దండం పెట్టాడు, బండి ఆ అరుగెక్కబోయింది. నామినేషన్ ఆఫీసు గేటు మలుపులో ఎవరో దండ వేయబోతే తల వంచాడు. బండి కూడా తల వంచింది. మామ, దండ, తెల్ల బట్టలు, అన్నీ కలిసి నల్లా గుంట బురదలో పడ్డాయి. డప్పులవాళ్లకు వెనకేం జరిగిందో తెలియక ఇంకా గట్టిగా కొట్టారు. ఎదుటి పార్టీ వాళ్లే పరుగెత్తి వచ్చి, నవ్వు ఆపుకుంటూ మామను లేపారు.

మధ్యాహ్నం షెడ్డు దగ్గర పంచాయతీ. నాయిన, నేను ఒక పక్క, మోచేతికి కట్టుతో మామ ఒక పక్క. "పిల్ల లెక్కనా, నీ పనా? ఒక్కటి జెప్పు" అని మామ ఉస్తాద్‌ను అడిగాడు. ఉస్తాద్ నా వైపు చూశాడు. ప్లేట్లు వద్దన్నది నేనేనని ఒప్పుకోవడానికి నాకు నాలుగే మాటలు చాలు.

"పిల్ల లెక్క మంచిగనే ఉంది పటేలా. కోసుట్ల నేనే గల్తీ జేసిన" అన్నాడు.

అని, మళ్లీ నా వైపే చూస్తూ కాసేపు ఊరుకున్నాడు. నేను చెప్పుల వైపు చూసుకున్నాను. మామ నాయిన వైపు తిరిగి, "పిల్లను పంపు బావా, దాని చదువుల తప్పు లేదు" అన్నాడు. మాట తప్పని మనిషి. వారంలో షెడ్డు రేకులు కూడా ఊడదీయించాడు. ఎన్నికల్లో గెలిచాడు, అందరి ముందూ పడి లేచినవాణ్ని జనం గుర్తుపెట్టుకుంటారేమో. అయినా ఉస్తాద్‌ను మళ్లీ పిలవలేదు.

మూడేళ్లు నా బస్సు ఆ ఖాళీ ప్లాటు ముందు నుంచే పోయింది. నేను ప్రతి పొద్దునా కిటికీలోంచి దండం పెట్టుకునేదాన్ని. ఇంత మంచి మనిషిని నాకు అండగా నిలిపినందుకు దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకునేదాన్ని. కృతజ్ఞత సుఖంగా ఉంటుంది, కూర్చున్న చోటు నుంచి లేవకుండా చెప్పుకోవచ్చు.

డ్రాఫ్టింగ్ ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, ఉస్తాద్ కుత్బుల్లాపూర్‌లో అల్లుడి పంక్చర్ దుకాణంలో కూర్చుంటున్నాడని విని వెళ్లాను. గుర్తుపట్టి, స్టూలు తుడిచి వేసి, చాయ్ తెప్పించాడు. దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ చెప్పాను. మీ దయవల్లే నా చదువు, మిమ్మల్ని రోజూ తలచుకుంటాను, ఇంకా ఏవేవో. ఆయన ట్యూబును నీళ్ల తొట్టిలో తిప్పుతూ అంతా విన్నాడు.

"అదంత దయ గాదు బేటీ. నేను గట్లంటె నువ్వు అడ్డమొస్తవ్, కాదు మామా అంటవ్ అనుకున్న. పటేలు ముంగట ఆడపిల్లను నేనెట్ల పట్టిస్త? నువ్వే అనాలె. జర సేపు జూసిన గూడ."

కోపంగా అనలేదు. గాలి పోతున్న చోటు దొరికింది, అక్కడ సుద్దతో గుర్తు పెట్టుకున్నాడు. చాయ్ చల్లారిపోయింది, అయినా తాగాను. లేచి, చెప్పాల్సిన నాలుగు మాటలు అప్పుడు చెప్పాను. ఆయన తల ఊపి, "అచ్ఛా" అన్నాడు, అంతే.

టాంజెంట్ పట్టిక మొత్తం నోటికి వచ్చిన ఆ పిల్ల ఇప్పుడెప్పుడైనా గుర్తుకొస్తే నవ్వొస్తుంది. జానెడు దూరం కొలవడం వచ్చింది దానికి. ఉస్తాద్ నా కోసం ఊరుకున్న ఆ కాసేపు ఎంతసేపో మాత్రం ఇప్పటికీ కొలుచుకుంటూనే ఉన్నాను.