గుడ్లు తగ్గుటకు గల కారణములు

ఆ ఇంటి పెద్దాయనకు కారణం లేకుండా ఏదీ జరగదు. పాలు విరిగితే కారణం, చెప్పు తెగితే కారణం, చుట్టాలు రాకపోతే ఒక కారణం, వస్తే రెండు. "ఏమో, తెలీదు" అనే మాట ఆయన నోట విన్నవాళ్లు లేరు. పెళ్లయిన కొత్తలో భార్య తుమ్మితే, ఆ తుమ్ముకు దారితీసిన పరిస్థితులను అరగంట వివరించాడు. ఈలోగా ఆవిడ ఇంకో నాలుగు తుమ్మింది. వీధిలో వాళ్లంతా ఆయన్ను చాటుగా కారణాలయ్య అనేవారు. ఆయనకు ఆ సంగతి తెలుసు. అలా ఎందుకంటారో కూడా అడిగినవాళ్లకు వివరించేవాడు.

తప్పు ఆయనది కాదు, ఉద్యోగానిది. సబ్బుల ఫ్యాక్టరీ ఆఫీసులో ముప్ఫై ఒక్క ఏళ్లు ఒకే కుర్చీలో కూర్చుని ఒకే పని చేశాడు. ఏ నెల సబ్బులు తగ్గినా, ఎందుకు తగ్గాయో రాసి పైకి పంపడం. పైవాళ్లకు సబ్బులు కావాలని బయటివాళ్లు అనుకుంటారు గానీ, నిజానికి వాళ్లకు కావలసింది కారణం. ఫైలులో కారణం ఉంటే చాలు, సబ్బులు లేకపోయినా హాయిగా నిద్రపోతారు. పొరపాటున ఏ నెలైనా సబ్బులు పెరిగితే మాత్రం కంగారుపడి ఫోన్ చేసేవారు, కారణం పంపలేదేమని.

రిటైరై ఇంట్లో కూర్చున్నాక రాయడానికి ఆయనకు ఏ తగ్గుదలా మిగల్లేదు. రెండేళ్లు విలవిల్లాడాడు. అలాంటి సమయంలో పెరట్లో కోళ్లు గుడ్లు తగ్గించాయి.

కోళ్లు ఆయన భార్యవి. నల్లది, ఎర్రది, మచ్చలది అని మూడు. ఒకప్పుడు రోజుకు రెండు గుడ్లకు తక్కువ కాకుండా పెట్టేవి. ఇప్పుడు వారం మొత్తానికి మూడూ కలిసి ఒక్కటి పెడితే గొప్ప. ఆవిడ ఖాళీ గంప తెచ్చి మొగుడి ముందు బోర్లించింది.

"వచ్చే ఆదివారం దాకా చూస్తా. అప్పటికీ ఇంతే అయితే చికెన్ కొట్టాయన్ని పిలిచి మూడింటినీ ఇచ్చేస్తా. గింజలేమైనా ఊరికే వస్తున్నాయా?"

పెద్దాయన ముఖం పాలిపోయింది. అయినా తేరుకుని, "విచారణ లేకుండా శిక్షేమిటోయ్!" అంటూ లోపలికి వెళ్లి కొత్త ఫైలు తెరిచాడు.

సోమవారం తేలిన కారణం వెలుతురు. కోడికి రోజుకు పద్నాలుగు గంటల వెలుతురు ఉండాలన్నాడు. భార్య కుట్టుమిషన్ దగ్గరి దీపం ఊడదీసి తీసుకెళ్లి కోళ్ల గూట్లో వేలాడదీశాడు. కోళ్లు దాని కింద తీరిగ్గా కూర్చున్నాయి. ఆవిడ మసక వెలుతుర్లో జాకెట్టుకు చేతులు తిరగేసి కుట్టింది.

మంగళవారం చప్పుడు.

"కుక్కర్ విజిల్ వేసినప్పుడల్లా నల్లది ఉలిక్కిపడుతోంది. నేను కళ్లారా చూశాను. ఇక విజిల్ వద్దు."

"విజిల్ రాకుండా కుక్కర్ ఎలా పెట్టనండీ?"

"వచ్చేలోపు దించెయ్."

ఆ పూట ఇద్దరూ పలుకులు పలుకులుగా ఉన్న అన్నం నమిలారు.

బుధవారం సిగ్గు. "అందరూ చూస్తుండగా గుడ్డు పెట్టమంటే ఏ కోడి పెడుతుంది?" అన్నాడు. ఆవిడ బీరువాలో దాచుకున్న కొత్త దుప్పటి గూటికి పరదా అయింది. ఎర్రది ఆ దుప్పటిని అన్ని రకాలుగా పాడుచేసింది, గుడ్డు మాత్రం పెట్టలేదు.

గురువారం నేరం పక్కింటి టీచరమ్మ పిల్లి మీద పడింది. అది గోడ మీద కూర్చుని చూసే చూపులకు కోళ్లు మనశ్శాంతి కోల్పోతున్నాయని మూడు పేజీల ఉత్తరం వెళ్లింది. టీచరమ్మ ఉత్తరం పట్టుకుని వచ్చింది.

"మా పిల్లికి రెండు కళ్లకూ శుక్లాలండీ. దానికి తను కూర్చున్న గోడే కనపడదు."

"ఆ సంగతి కోళ్లకు తెలీదు కదమ్మా!"

అది విని భార్యకు ఒళ్లు మండింది. "లోకంలో ఉన్న కారణాలన్నీ రాశారు, వయసు సంగతి రాయరేం? ఆరేళ్లు దాటాయి వాటికి."

"వయసుకీ పనికీ సంబంధం లేదోయ్. నన్ను చూడు, అరవై దాటినా..."

"మీరు గుడ్లు పెడుతున్నారా?"

"విషయం పక్కదారి పట్టించకు" అని ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ వెళ్లిపోయాడు.

శుక్రవారం పొద్దున గంపలో రెండు గుడ్లున్నాయి! ఆవిడ సంబరంగా చేతిలోకి తీసుకుని ఉలిక్కిపడింది.

"ఇదేంటండీ, మంచుముక్కలా ఉంది?"

"కోడికి లోపల చలి పుట్టి ఉంటుంది."

"బయట మాడు పగిలే ఎండ కాస్తుంటేనా?"

"ఒళ్లు కాలిపోతున్నా చలి చలి అంటారు, జ్వరం వచ్చినవాళ్లను చూళ్లేదూ?"

ఆవిడ నేరుగా వెళ్లి ఫ్రిజ్ తెరిచింది. నిన్న కొట్లో కొన్న ఆరు గుడ్లలో నాలుగే మిగిలాయి. ఇంత వయసొచ్చి పెళ్లాం చెవిలో పూలు పెట్టడమేమిటని ఆవిడకు నిజంగానే కోపం వచ్చింది. అక్కడే నిలబడి చికెన్ కొట్టాయనకు ఫోన్ చేసింది.

ఆదివారం కొట్టాయన బుట్టతో వచ్చాడు. పెద్దాయన బయటికి రాలేదు. నివేదిక పూర్తి కాలేదంటూ గదిలో తలుపేసుకున్నాడు. కొట్టాయన నల్లదాన్ని పట్టుకుని, తోక కింద ఎముకల మధ్య వేళ్లు పెట్టి చూశాడు.

"గుడ్లు పెట్టే కోడికైతే ఇక్కడ రెండు మూడు వేళ్లు పట్టాలి. దీనికి ఒక్క వేలు కూడా పట్టట్లేదమ్మా. తల మీద తురాయి చూడండి, రంగే లేదు. ముసలివైపోయాయి. ఇక పెట్టవు."

అంటూనే గూటికి అంటించి ఉన్న కాగితం చూసి ఆగిపోయాడు. దాని మీద గుండ్రటి అక్షరాలతో 'గుడ్లు తగ్గుటకు గల కారణములు, మూడవ అనుబంధం' అని ఉంది.

"అమ్మా, ఈ చేతిరాత... ఇది సబ్బుల ఫ్యాక్టరీ సార్ ఇల్లా?"

"అవును. నీకు తెలుసా?"

"తెలియకపోవడమేంటమ్మా! నేను అక్కడ కోత మిషను మీద పనిచేసేవాణ్ణి. మా పాప నెల రోజులు ఆసుపత్రిలో ఉంటే, నేను మిషను ముందు నిలబడే నిద్రపోయేవాణ్ణి. ఆ నెల సబ్బులు సగానికి సగం పడిపోయాయి. నా ఉద్యోగం ఊడినట్టే అనుకున్నా. సార్ మాత్రం గాలిలో తేమ ఎక్కువై సబ్బు ఆరలేదని రాశారు."

"నమ్మారా?"

"నమ్మడమా! పెద్దాఫీసు నుంచి ఆరుగురు వచ్చి గాలిని కొలిచారు. తేమ దొరికింది కూడా! ఇంత ఫ్యాను కొని బిగించి వెళ్లారు." కొట్టాయన నవ్వాడు. "ఇన్నేళ్లలో ఆ కాగితాల్లో ఒక్క మనిషి పేరు రాయలేదమ్మా ఆయన. వాన, కరెంటు, ఎలుకలు, తుప్పు. ఈ నెల ఎలుకలని రాశారంటే, మాలో ఎవరింట్లోనో కష్టం ఉందని మాకు తెలిసిపోయేది. ఆ పాపే ఇప్పుడు నా కొట్లో కూర్చుంటోంది."

ఆవిడ గూటి వైపు చూసింది. దీపం, దుప్పటి, పిల్లి మీద నేరం. నేరం ఎవరి మీదికైనా పోనీ, ఆ మూడు కోళ్ల మీదికి రాకుండా ఆయన వారమంతా కాపు కాశాడు. ఆవిడకు మొగుడి మీద పట్టరానంత ప్రేమ పుట్టుకొచ్చింది. ఇన్నేళ్లలో ఒక్క ముక్క చెప్పనందుకు కోపమూ వచ్చింది.

అంతలో పెద్దాయన పంతొమ్మిది పేజీల నివేదికతో బయటికొచ్చాడు. కొట్టాయన చేతిలో నల్లదాన్ని చూసి గబగబా కాగితాలు తిరగేశాడు.

"ఇంకొక్క కారణం మిగిలింది. అది కూడా పరిశీలిస్తే..."

"మీరాగండి." ఆవిడ కొట్టాయన వైపు తిరిగింది. "ఇవాళ వద్దులే నాయనా. ఎండ చూడు, ఎలా మండిపోతోందో. ఇంత ఎండలో బుట్టలో కుక్కి తీసుకెళ్తే సొమ్మసిల్లిపోతాయి. కాస్త చల్లబడ్డాక చూద్దాం."

పెద్దాయన కళ్లజోడు సర్దుకుని భార్య వంక చూశాడు. ముప్ఫై ఒక్క ఏళ్ల అనుభవంలో ఇంత చక్కటి కారణం తనకెందుకు తట్టలేదా అని ఆశ్చర్యపోయినట్టున్నాడు.

కొట్టాయన నల్లదాన్ని కిందికి వదిలి, నవ్వు ఆపుకుంటూ అడిగాడు.

"ఎప్పటికి చల్లబడుతుందంటారు సార్?"

పెద్దాయన పెరట్లోకి దిగి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఆకాశాన్ని నాలుగు వైపులా పరిశీలించాడు.

"ఇప్పుడున్న పరిస్థితులు చూస్తే, ఓ నాలుగేళ్లు పట్టేలా ఉంది" అన్నాడు.