ఎత్తని బూడిద

మొన్న కోరుట్లలో స్నేహితురాలి అన్న పెళ్లి దావత్‌కు పోయాను. బిర్యానీ దించాక ఎవరో కట్టెల పొయ్యిలో నీళ్లు చల్లారు. తడిసిన బూడిద వాసన తగలగానే నా ఆకలి చచ్చిపోయింది.

సిరిసిల్లలో మా పొయ్యి నాయనమ్మ రాజ్యం. చలి వణికించినా, ముసురు పట్టినా కోడి కూతకే లేచి, రాత్రి కందికట్టె కాలి మిగిలిన గోరువెచ్చని బూడిదను తట్టలోకి తోడి, బొగ్గులు ఏరి, కొంత గిన్నెలు తోమడానికి దాచి, మిగతాది చిక్కుడు పాదు మీద చల్లి, ఎర్రమట్టితో పొయ్యి అలికి ముగ్గు వేసేది. బతుకమ్మ సత్తుపిండికి మక్కలూ నువ్వులూ వేగేది ఆ పొయ్యి మీదే. ఆమెకు ఒకటే పట్టింపు: ఇంటి మనిషి ఊరికి పోతే, తిరిగి గడప తొక్కేదాకా బూడిద ఎత్తకూడదు.

తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజుల్లో ఆ పట్టింపే మా అమ్మ మెడకు చుట్టుకుంది. బడులు, బస్సులు బంద్, బట్ట నేసే సాంచాలు ఆగిపోయాయి. సాంచాల మీద పనిచేసే మా చిన్నాయన దోస్తులతో కలిసి వ్యానులో హైదరాబాద్ సభకు బయలుదేరాడు.

"రెండొద్దులల్ల అస్తనే అమ్మా, గట్ల ఏడుస్తవేంది?" అని నాయనమ్మను నవ్వించి మరీ పోయాడు.

రెండు రోజులు దాటినా రాలేదు. ఫోను కలవలేదు. పొయ్యి బూడిదతో నిండిపోయి, గాలి ఆడక కట్టె మండేది కాదు. ఇల్లంతా పొగ. ఊయలలో తమ్ముడు దగ్గి దగ్గి అలసిపోయేవాడు.

"పోరడు సస్తుండు అత్తమ్మా, జరంత ఎత్తుత" అని అమ్మ బతిమాలింది.

"నా కొడుకు రాకముందు పొయ్యిల చెయ్యి వెట్టినవో, సూడు!" అంది నాయనమ్మ.

మరునాడు పొద్దున నాయనమ్మ నీళ్లకు పోయిన సందు చూసి, అమ్మ బూడిదంతా ఎత్తేసింది. పొయ్యి భగ్గున మండింది. తమ్ముడు పాలు తాగి హాయిగా నిద్రపోయాడు.

మధ్యాహ్నం చిన్నాయన శవం వచ్చింది. తిరుగుదారిలో వ్యాను బోల్తా పడిందట. నాయనమ్మ శవం మీద పడి ఏడ్చి, లేచి వంటింట్లోకి ఉరికింది. ఖాళీ పొయ్యిని చూసింది.

"నువ్వే తిన్నవే నా కొడుకును!"

ఆ మాట బతికినన్నాళ్లూ అన్నది. వ్యాను పడింది ముందటి రాత్రి. అమ్మ బూడిద ఎత్తింది తెల్లారినాక. ఈ సంగతి తెలిసే వయసు వచ్చాక నేను అరిచి మరీ చెప్పాను. నాయనమ్మ వినలేదు సరే, అమ్మ కూడా వినలేదు. నా కోపమంతా అక్కడే.

తెలంగాణ వచ్చింది. నాయనమ్మ పోయింది. చిక్కుడు పాదు పోయింది, వంటిల్లు కూల్చి స్లాబు వేశాం. నేను జగిత్యాలలో ఉద్యోగం చేస్తున్నాను. సెలవుకు వచ్చి వెళ్లిన ప్రతిసారీ, నేను చేరినట్టు తెలిసేదాకా అమ్మ గ్యాస్ స్టవ్వు తుడవదు, పాలు పొంగి మాడినా సరే. బస్సు దిగగానే ఫోను చేసి "అమ్మా, దిగిన" అంటాను. అవతల తడిగుడ్డ పిండుతున్న చప్పుడు వినిపిస్తుంది.