మరదలు మేకకు చెప్పిన మాట

భద్రాచలం బస్టాండులో ఉదయం ఆరు గంటలకు సరిహద్దులోని కుంట ఊరికి వెళ్ళే బస్సు దొరకాలంటే ఐదున్నరకే వెళ్ళి కిటికీ పక్కన తువ్వాలు వేసుకోవాలి. మార్చి మొదట్లో ఆ దారిన వెళ్ళేవాళ్ళు మంచినీళ్ళ సీసా, చిల్లర, ఏదో ఒక గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకుంటే చాలు.

నేను ఒక చిన్న సంస్థలో పనిచేస్తాను. మాజీ సైనికుడికి పెన్షను ఉంటుంది, డాక్టరు ఉంటాడు. పక్షవాతం వస్తే ఆయన్ని మంచం మీంచి లేపి కూర్చోబెట్టే ఇంటి మనిషికి మాత్రం ఎవరూ ఉండరు. మా పని ఆ మనిషితో. నా బడి చదువు పదో తరగతితో ఆగిపోయినా, ఊరి గ్రంథాలయంలో రోగుల సంరక్షణ గురించి ఉన్న ప్రతి పుస్తకమూ చదివాను, కొన్ని రెండుసార్లు. అవి చదివాక ఈ పనిలో నాకు తెలియనిది పెద్దగా లేదనుకునేవాణ్ణి.

బస్సులో పక్క సీటామె ఎండు చేపల మూట కాళ్ళ కింద పెట్టుకుని అడిగింది. "ఏంది సారూ, సూదులేసేటోనివా?"

"కాదమ్మా. జబ్బు మనిషిని చూసుకునేవాళ్ళతో మాట్లాడటానికి వెళ్తున్నాను."

"మాట్లాడనీకి బస్సుల పోవాల్నా? ఫోన్ లేదా?"

ఫోన్ చేసి పిలిచింది వాళ్ళే. సరిహద్దు దాటి సుక్మా వెళ్ళే రోడ్డు పక్కన ఒక చిన్న ఊరు. హవల్దారుగా రిటైరైన ముత్తయ్య గారికి మూడేళ్ళ క్రితం కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి. భార్య ఎప్పుడో పోయింది, పిల్లలు లేరు. తమ్ముడు లచ్చయ్య ఇంట్లో ఉంటారు. ఏటా మిరప కోతల కాలంలో లచ్చయ్య తెలంగాణకు కూలికి వెళ్తాడు. ఆ రెండు నెలలూ అన్నను లేపి స్నానం చేయించడానికి పక్క ఊరి నుంచి ఒక మేనమామ వచ్చేవాడు. ఈసారి ఆ మేనమామ లేడు. జగదల్‌పూర్‌లో ఒక సంరక్షణ కేంద్రంలో రెండు నెలలకు మంచం ఖాళీ ఉంది. కావాలో వద్దో ఆ సాయంత్రంలోగా చెప్పకపోతే వేరేవాళ్ళకు ఇచ్చేస్తామన్నారు.

ఎనిమిదిన్నరకు కుంటలో దిగి ఇడ్లీ తిన్నాను. సుక్మా బస్సు తొమ్మిదింటికి. పది దాటాక లచ్చయ్య రోడ్డు మీద ఎదురొచ్చి నా సంచి అందుకున్నాడు.

వాకిట్లో వేప నీడన మంచం మీద ముత్తయ్య గారు కూర్చుని ఉన్నారు. మీసం శుభ్రంగా కత్తిరించుకున్నారు. కొంచెం దూరంలో లచ్చయ్య భార్య సమ్మక్క మాకు వీపు పెట్టి చింతకాయల గింజలు తీస్తోంది. గుంజకు ఒక మేక కట్టి ఉంది. నేను నమస్కారం పెట్టి కూర్చున్నానో లేదో, సమ్మక్క ఆ మేక వైపు తిరిగి అంది.

"ఓ మేకా, పొద్దుటి గోలీ ఏసుకోలే. చెంబుల నీళ్ళున్నయి."

నేను ఉలిక్కిపడ్డాను. ఏళ్ళ తరబడి ఇంకొకరి బరువు మోసేవాళ్ళలో కొందరికి మనసు చెదురుతుందని చదివాను. ఇంత త్వరగా కళ్ళబడుతుందని అనుకోలేదు. అంతలో ముత్తయ్య గారు కూడా మేకతోనే అన్నారు. "మేకా, అన్నం తిన్నంక ఏసుకుంట అని చెప్పు."

లచ్చయ్యను పక్కకు పిలిచి, ఇద్దరినీ మనసు డాక్టరుకు చూపించాలని మెల్లగా చెప్పాను. అతను నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకున్నాడు.

"పిచ్చి లేదు సార్. మా వాళ్ళల్ల తమ్ముని పెండ్లాం అన్నతోని మాట్లాడొద్దు, ముట్టొద్దు, పేరు తియ్యొద్దు. అన్న కూడ అంతే. మేకకు చెప్తే ఆయనకు వినవడ్తది గదా."

మన వైపూ బావగారి ముందు కొంగు సర్దుకునే ఇళ్ళు నాకు తెలుసు. మూడేళ్ళు ఒక మనిషిని చూసుకుంటూ ఆయనతో ఒక్క మాట నేరుగా అనకపోవడం మాత్రం ఏ పుస్తకంలోనూ చదవలేదు. మరి నడిపించడం ఎలా? అదీ చూశాను. ఎండ మంచం మీదికి రాగానే సమ్మక్క నిలువెత్తు వెదురు బొంగు ఒకటి తెచ్చి ఒక కొస ఆయన ఎడమ చేతికి అందేలా చాచింది. రెండో కొస నడుముకు ఆనించుకుని, ఆయన బరువంతా దాని మీద పడేలా వెనక్కి వంగింది. ఆయన లేచారు. బొంగు మధ్యలో ఉంటే ముట్టినట్టు కాదట. ఆమె ముఖం పక్కకు తిప్పుకునే అడుగు అడుగునా వెనక్కి నడుస్తూ ఆయన్ని నీడలోకి తీసుకొచ్చింది.

అది చూశాక నా ఆలోచన మారిపోయింది. ఇంత చక్కగా కుదిరిన ఇంటిని కదపడం తప్పనిపించింది. మేనమామ బదులు ఊళ్ళో ఎవరినైనా మాట్లాడుకుంటే స్నానం సంగతీ గడిచిపోతుంది. ఎండు చేపల పులుసుతో అన్నం తిని, కేంద్రానికి మంచం అక్కర్లేదని చెబుదామని బయల్దేరాను. ఊళ్ళో సిగ్నల్ లేదు, రోడ్డు మీది కల్వర్టు ఎక్కాలి. నంబరు నొక్కుతుండగా వెనక సమ్మక్క కనిపించింది, చంకలో ఖాళీ బిందెతో. బోరింగు అటు వైపు కాదు.

"ఎవలికి చేస్తున్నవు సారూ?"

"కేంద్రానికి. మీరు ఇంత బాగా చూసుకుంటుంటే అక్కడికెందుకని."

"బాగుందా? ఆ బొంగు నువ్వొక దినం పట్టి చూడు." బిందె కింద పెట్టింది. "నేను మిర్చికి పోత. నా తోటోళ్ళందరు పోతున్నరు. మూడేండ్ల సంది నేను పోలే."

"మీ ఆయనకు చెప్పారా?"

"చెప్తే, మా అన్నను ఇడ్సిపెట్టి పోతవా అంటడు."

"మరి ముత్తయ్య గారికి?"

"పోయిన అంగడి నాడు మేకకు చెప్పిన. జవాబు రాలే."

ఫోన్ జేబులో పెట్టుకున్నాను. పొద్దున ఆమెకు జబ్బు అనుకున్నాను, మధ్యాహ్నం ఆమెకు ఏ కష్టమూ లేదనుకున్నాను. రెండూ తప్పయ్యాక మూడోది ఏమనుకోవాలో తెలియలేదు.

తిరిగి వెళ్ళి ముత్తయ్య గారి పక్కన కూర్చున్నాను. లచ్చయ్య ఇంట్లో లేడు. ఆమె మాట వినబడిందా అని అడిగాను.

"విన్న. చెవులు మంచిగనే ఉన్నయి."

"మరి జవాబు ఇవ్వలేదట?"

"ఏమని ఇయ్యాలె సార్? వద్దంటే మనిషిని గుంజకు కట్టేసినట్టు. పో అంటే, పెద్దోడు మరదలును కూలికి తోలిండంటరు. ఫౌజ్‌ల సులువుండె. ఆర్డర్ పైనుంచొస్తది, మనం సలాం కొడ్తం." కాసేపు మీసం సవరించుకున్నారు. "నువ్వొక పని చెయ్యి. ఇలాజ్ కోసం నేనే అడిగిన్నని చెప్పు. ఆమె తోలిందని ఊళ్ళ పేరు రావద్దు."

వైద్యం పేరు చెప్పడం అబద్ధమా, మర్యాదా అని తేల్చుకునే తీరిక లేదు. మళ్ళీ కల్వర్టు ఎక్కి మంచం ఉంచమని చెప్పి వచ్చాను. అన్నే అడిగారని విని లచ్చయ్య మంచం దగ్గరికొచ్చి కూర్చున్నాడు.

"నేనేం తక్కువ చేసిన అన్నా?"

"ఏం లేదురా. కాలు నాది, ఇలాజ్ నాది. ఇంట్ల ఎవ్వరు ఉండాల్సిన పని లేదు. ఇద్దరు పోయి రాండ్రి."

సమ్మక్క తల ఎత్తలేదు. చింతగింజలు గిన్నెలో పడుతూనే ఉన్నాయి. ఆమె సంతోషించిందో లేదో వీపును చూసి చెప్పలేకపోయాను. ఆ రాత్రి కుంటలో గది తీసుకున్నాను. దోమతెర లేదు, ఎవరికి వారు తెచ్చుకోవడం మంచిది.

మర్నాడు పది దాటాక అదే ఊరి దగ్గర బస్సు ఆపించి, లచ్చయ్యా కండక్టరూ ముత్తయ్య గారిని ఎత్తి ముందు సీటులో కూర్చోబెట్టారు. దారిలో ఒక క్యాంపు దగ్గర కార్డులు చూస్తున్న కుర్ర జవాను ఆయన కార్డు రెండు చేతులతో తిరిగిచ్చి "జైహింద్ సాబ్" అన్నాడు. ఆయన ఎడమ చేయి కొంచెం లేచింది. తోంగ్‌పాల్‌లో చాయ్ కోసం ఆగినప్పుడు గ్లాసు నేనే పట్టుకున్నాను. మూడు దాటాక జగదల్‌పూర్.

కేంద్రంలో నర్సమ్మ హిందీలో మంచిగా పలకరించి, ఇంట్లో ఎవరు చూసుకుంటారని అడిగింది.

"మా తమ్ముని పెండ్లాం."

"పేరు?"

ఆయన మాట్లాడలేదు. మతిమరుపు ఉందేమోనని ఆమె నావైపు చూసింది. సమ్మక్క అని నేనే చెప్పాను. ఆ పేరు వినగానే ముత్తయ్య గారు పెద్దరికంగా ముఖం గోడ వైపు తిప్పుకున్నారు.

మూడో రోజు ఎనిమిదింటి బస్సుకు తిరుగు ప్రయాణం. కుంట చేరేసరికి మధ్యాహ్నం ఒకటిన్నర. బస్సు మారబోతుంటే కూలీలను తీసుకెళ్ళే మేస్త్రి బొలెరో చుట్టూ మిరప కూలీలు, మూటలు, గిన్నెలు. లచ్చయ్య మూటలు పైకి విసురుతున్నాడు, నన్ను చూసి తల మాత్రం ఊపాడు. సమ్మక్క ఆడవాళ్ళ మధ్య నుంచి దిగివచ్చింది.

"తిన్నడా?"

"సగం చపాతీ తిన్నారు."

"చపాతీ తినడు. అన్నం పెట్టుమను."

పొద్దంతా మిరప చేలో వంగి పనిచేస్తే విశ్రాంతి ఎక్కడిదని అడగకుండా ఉండలేకపోయాను. చదివిన వాటిలో విశ్రాంతి అంటే ఇలా లేదు.

"ఒళ్ళు నొస్తది సారూ. చెవికి మాత్రం సెలవు. రాత్రి మంచం కిర్రుమంటదా అని వినే పని లేదు."

వెనక నుంచి ఒకామె అరిచింది. "సమ్మక్కా, సారును కూడ తోలుకరావే, మిర్చి ఏరుడు నేర్పుదాం." అందరూ నవ్వారు. బండి కదిలింది.

చింతూరు దగ్గర సిగ్నల్ అందగానే కేంద్రానికి ఫోన్ చేసి అన్నం సంగతి చెప్పాను. ఆయన పొద్దుటి నుంచి ఒక్కటే అడుగుతున్నారట, ఇంటివాళ్ళు బయల్దేరారా అని. బయల్దేరారని చెప్పమన్నాను. అవతల హిందీలో ఏదో మాట్లాడుకున్నారు. నర్సమ్మ మళ్ళీ ఫోన్ అందుకుంది. "మంచిది అంటున్నారు. ఆమెకు చెప్పమంటున్నారు."

లచ్చయ్య నంబరుకు చేసి సమ్మక్కకు ఇమ్మన్నాను. ఇంజను మోత, ఆడవాళ్ళ నవ్వులు. ఆయన మంచిదన్నారని చెప్పాను. నవ్వులు ఆమె చుట్టూ సాగుతూనే ఉన్నాయి.

"సరే సారూ" అంది.

ఈ ప్రయాణంలో నేను ఎవరికి సాయం చేశానో, ఎవరిని ఇంటి నుంచి కదిల్చానో భద్రాచలం చేరేదాకా లెక్క తేలలేదు. వాళ్ళిద్దరూ మాత్రం మూడేళ్ళలో మొదటిసారి మేక లేకుండా ఒకరి మాటకొకరు జవాబు చెప్పుకున్నారు, అదీ మధ్యలో వంద మైళ్ళకు పైగా దారి పెట్టుకుని.