ఇష్తియాక్ స్పెషల్

గవర్నర్‌పేటలో ఒక లాడ్జి పైఅంతస్తులో ఉన్న రికార్డింగ్ స్టూడియోకి ఓనరు రామకోటేశ్వరరావు గారే అయినా, జనం మెట్లెక్కి వచ్చేది మాత్రం ఇష్తియాక్ కోసం. ఇష్తియాక్ తండ్రి అల్లాబక్ష్‌కి భవానీపురంలో మైక్‌సెట్లు అద్దెకిచ్చే వ్యాపారం. పెళ్లయినా, ఉరుసయినా, ఎన్నికల మీటింగయినా ఆయన హారన్లు కట్టాల్సిందే, చుట్టుపక్కలవాళ్ల చెవులు చిల్లులు పడాల్సిందే. కొడుక్కి ఆ గోలంటే చిన్నప్పటినుంచీ గిట్టదు. గొంతుని జనం నెత్తిన కుమ్మరించకూడదు, ముస్తాబు చేసి పంపాలి అనేది అతని సిద్ధాంతం.

రెండువేల సంవత్సరం దాటాక స్టూడియోలోకి కంప్యూటరు వచ్చింది. టేపులు అటకెక్కాయి. ముస్తాబు సామానంతా ప్లగిన్లనే చిన్నచిన్న ప్రోగ్రాముల రూపంలో తెర మీదికొచ్చేసింది. ఒకటి ఫ్యాను రొద తుడుస్తుంది. ఒకటి ముక్కుతో పాడేవాళ్ల గొంతు సరిచేస్తుంది. ఇంకొకటి అరుపునీ గొణుగుడునీ ఒక మట్టానికి తెస్తుంది. చివర్న ఎకో. వీటిని ఒకదాని కింద ఒకటి పేర్చి చైన్ కడితే, గొంతు పైనుంచి దూరి కిందనుంచి పెళ్లికూతురై బయటికొస్తుంది. వరుస తప్పిందో, కొంప మునిగిందే. ఎకో ఇచ్చాక రొద తుడవబోతే, ఆ రొదకి కూడా ఎకో పట్టేసి ఉంటుంది, ఇక చచ్చినా వదలదు. ఉతక్కుండా ఇస్త్రీ చేస్తే మరక ముదురుతుందండీ అని ఇష్తియాక్ ఓనరుకి విడమరిచి చెప్పేవాడు. ఆయన తలూపేవారు. అర్థమైనా కాకపోయినా తలూపడం ఓనర్ల ధర్మం.

అవనిగడ్డనుంచి మైలవరందాకా పాడేవాళ్లెవరొచ్చినా చెప్పులు విడవకముందే అడిగేది ఒకటే, కాస్త ఎకో పెట్టండని. మనవాళ్లకి ఎకో లేని పాట ఉప్పు లేని పప్పే. అందుకని ఇష్తియాక్ కొన్నాళ్లు కుస్తీపట్టి అందరికీ నచ్చే చైన్ ఒకటి కట్టి, తన పేరే పెట్టుకుని దాచుకున్నాడు. ఇష్తియాక్ స్పెషల్. ఒక్క నొక్కు నొక్కితే చాలు, చర్చి పాటైనా, అయ్యప్ప భజనైనా, ఎరువుల కొట్టు ప్రకటనైనా ధగధగలాడిపోయేది. మీ దగ్గర పాడినవాళ్లంతా ఒక తల్లి పిల్లల్లా వినిపిస్తారేంటని భార్య అఫ్సానా ఒకసారి అంది. ఇష్తియాక్ దాన్ని పొగడ్త కిందే జమకట్టుకున్నాడు.

అలాంటి రోజుల్లో మైలవరం దగ్గర పల్లెటూరినుంచి తెరేసమ్మ వచ్చింది. అరవై దాటిన మనిషి. వాళ్ల ఊరి చర్చిలో పాట ఎత్తుకునేది ఆవిడే. కొడుకు యేసుకుమార్ తన ఆటోలోనే తీసుకొచ్చాడు. చర్చివాళ్లు పంపారేమో అనుకున్నాడు ఇష్తియాక్. కాదట.

"గొంతులో గడ్డుంది బాబూ, ఆపరేషన్ చేస్తారంట. గొంతు మారిపోవచ్చన్నారు డాక్టరుగారు," అందావిడ. "మా ఆయనకి చూపు పోయి చాన్నాళ్లయింది. నేనెక్కడున్నానో నా గొంతును బట్టే తెలుసుకుంటాడు. అది మారిపోతే ఆయనకింక నేనేం మిగుల్తాను? ఈ గొంతు పోయేలోపు ఒక్క పాట పట్టి ఇవ్వండి."

ఇష్తియాక్‌కి మనసు కరిగిపోయింది. స్టూడియో అద్దె సంగతి ఎత్తొద్దని ఓనరుకి కళ్లతోనే సైగచేశాడు. ఆవిడ తన పెళ్లినాడు చర్చిలో పాడిన పాటే పాడింది. మధ్యలో ఊపిరి అందక ఆగింది, ఒకచోట జీర వచ్చింది, చివర్లో దగ్గింది. ఇష్తియాక్ దగ్గు కోసేశాడు, జీర నున్నగా చేశాడు, ఊపిరి పీల్చిన చప్పుళ్లన్నీ ఏరి పారేశాడు. ఆపైన స్పెషల్ వేశాడు. ఇంత ప్రేమగా అతను ఎవరి పాటకీ పనిచేయలేదు. విని తెరేసమ్మ నోరు నొక్కుకుంది. ఇది నేనేనా బాబూ అని మురిసిపోయింది. ఆ మాట దగ్గర అతను కాస్త ఆగి ఉండాల్సింది. పొగడ్తకి పడిపోయినవాడికి చెవులు పనిచేయవు మరి.

ఆ కంప్యూటరు పాతది, డిస్కులో ఎప్పుడూ చోటుండదు. అందుకని చైన్‌ని గొంతులో కలిపేసి, అసలు ఫైలు మీదే సేవ్ చేసి మూసేయడం ఇష్తియాక్‌కి అలవాటు. మూసేదాకానే అసలు గొంతుకి వెనక్కి పోవడం, మూశాక బ్రహ్మ దిగొచ్చినా పోలేం. తెరేసమ్మ పాటనీ అలాగే మూసి, సీడీ రాసిచ్చాడు.

ఆవిడ ఆస్పత్రిలో చేరిన రోజే యేసుకుమార్ తండ్రిని వెంటబెట్టుకుని స్టూడియోకి వచ్చాడు. లాజరు పొడుగాటి మనిషి. కొడుకు భుజం పట్టుకుని మెట్లెక్కొచ్చి, కుర్చీ తడుముకుని కూచున్నాడు. సీడీ పెట్టమన్నాడు. పాటంతా కుదురుగా విన్నాడు.

"బాగా పాడిందయ్యా," అన్నాడు. "ఈవిడెవరో గానీ మంచి గొంతు. మా తెరేసమ్మ పాటున్న సీడీ ఏది బాబూ? మావాడు ఇంటికి తెచ్చింది కూడా ఇదే."

ఇష్తియాక్ యేసుకుమార్ వంక చూశాడు. యేసుకుమార్ తల పక్కకి తిప్పుకున్నాడు. అది అమ్మ గొంతేనని రాత్రే ఇంట్లో చెప్పిచూశాడట, ముసలాయన నమ్మలేదట. మళ్లీ పాడించుకుందామంటే, గొంతెత్తకూడదని డాక్టరు ఆర్డరు. తెల్లారితే ఆపరేషన్.

ఆ పూటంతా ఇష్తియాక్ కంప్యూటరు ముందునుంచి లేవలేదు. చైన్‌ని తలకిందులు చేసి కిందనుంచి పైకి విప్పాలని చూశాడు. ఎకో తగ్గించాడు, గొంతు డబ్బాలోంచి వచ్చినట్టయింది. పోయిన జీర తేవాలని చూశాడు, గరగర వచ్చింది తప్ప జీర రాలేదు. పులిహోర కలిపాక అందులోంచి చింతపండు పులుసు తీయగలిగినవాడు ఎవడున్నాడు? ఒక ముసలాయన సొత్తు పోగొట్టానని అతనికి ఏడుపొచ్చింది. ఏడ్చాడు కూడా.

ఆపరేషనయింది. కొన్నాళ్లు మాట్లాడకూడదన్నారు. ఇష్తియాక్ రోజూ బత్తాయిలు పట్టుకుని ఆస్పత్రికి వెళ్లేవాడు. వార్డులో లాజరు భార్య మంచం పక్కన స్టూలు మీద కూచుని ఉండేవాడు. తెరేసమ్మ సైగలు చేసేది, సైగలు ఆయనకి కనిపించవు. నర్సు వచ్చి, అమ్మ నీళ్లడుగుతోంది తాతా, అని చెప్పాల్సివచ్చేది. జరిగింది చెప్పేసి కాళ్లు పట్టుకుందామని ఇష్తియాక్ ఎన్నిసార్లు నోరు తెరిచాడో, అన్నిసార్లూ బత్తాయిలు అక్కడ పెట్టి వచ్చేశాడు.

మాట్లాడొచ్చని డాక్టరు చెప్పిన రోజు పొద్దున్నే అతను భయపడుతూ వార్డు గుమ్మంలో నిలబడ్డాడు. లాజరు మొహం కడుక్కుని, చొక్కా మార్చుకుని, గోడ పట్టుకుని మంచాల మధ్యనుంచి వస్తున్నాడు. వార్డునిండా ఆడవాళ్ల మాటలు, గిన్నెల చప్పుళ్లు. అందులోంచి ఒక గొంతు లేచింది. చీరుకుపోయి, మగాడికి జలుబు చేసినట్టుంది. రికార్డింగులో విన్న గొంతుకీ దీనికీ పోలికే లేదు.

"గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకున్నారు," అంది. మధ్యలో ఊపిరి అందక ఆగింది, చివర్లో దగ్గింది, ఆ రోజు పాటలో లాగే.

లాజరు ఠక్కున ఆగి అటు తిరిగాడు. మొహమంతా నవ్వు. ఎవరినీ అడగలేదు, మంచాలేవీ తడమలేదు, నేరుగా వెళ్లి భార్య ముందు చొక్కా చాపి నిలబడ్డాడు.

"మరి నువ్వు నోరు మూసుకుని పడుంటే నాకెవరు చెప్తారే తెరేసా," అన్నాడు.

ఆవిడ గుండీలు విప్పి సరిగ్గా పెట్టసాగింది. గడ్డ కోసినా, గొంతు మారిపోయినా పోనిది తన చేతిలో ఒక్క నొక్కుకి ఎలా పోయిందో ఇష్తియాక్‌కి అప్పుడు తెలిసింది. బత్తాయిల సంచీ పట్టుకుని గుమ్మంలోనే చాలాసేపు నిలబడిపోయాడు.