మాట్లాడే తల, మరువం దండ

మరువం వాసన తగిలితే అందరికీ దేవుడి గది గుర్తొస్తుందేమో గానీ, నాకు మాత్రం ప్రొద్దుటూరు దసరా ఎగ్జిబిషన్‌లో ఎర్రగుడ్డలు కట్టిన ఒక డేరా గుర్తొస్తుంది. మొన్న పూలంగడి ముందు నిలబడి దండ కొంటున్నప్పుడూ అంతే.

చిన్నప్పుడు దసరా వచ్చిందంటే మాకు కాళ్లు ఇంట్లో నిలిచేవి కావు. బజ్జీల నూనె వాసన, నిమ్మకాయ పిండిన బొరుగుల ఘాటు, రంగులరాట్నం కిర్రుమనే చప్పుడు, జమ్మలమడుగు నుంచీ పులివెందుల నుంచీ బస్సులు దిగి వచ్చిన జనం, ఆ ఏడు అన్నీ దాటుకుని ఆ డేరాకే పోయాము నేనూ, పక్కింటి షకీలా, వాళ్లమ్మ మాబున్ని పిన్నమ్మా. లోపల మూడు కాళ్ల బల్ల, దాని మీద పళ్లెం, పళ్లెంలో ఒక ఆడపిల్ల తల! మెడ కింద ఏమీ లేదు, బల్ల కాళ్ల సందుల్లో వెనకాల ఎర్రతెర కనిపిస్తూనే ఉంది. ఆ తల కళ్లు తిప్పేది, నవ్వేది, అడిగినదానికల్లా జవాబు చెప్పేది.

షకీలా వాళ్ల నాన్న కువైట్‌లో ఉండేవాడు. చాన్నాళ్లుగా ఆయన నుంచి ఉత్తరం లేక పిన్నమ్మ తిండి మానేసి చిక్కిపోయింది.

"అక్కా, మా అబ్బా ఎప్పుడొస్తాడు?" అని బల్ల ముందు అడ్డంగా కట్టిన తాడు మీదికి వంగి అడిగింది షకీలా.

"రంజాన్‌కు వస్తాడు," అంది తల. పిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

అప్పుడే షకీలా జడలోని మరువం దండ జారి బల్ల కాళ్ల దగ్గర పడింది. నాకు రెండు దండలు కనిపించాయి, కొసకు కొస ఆనుకుని. మా నాయన బట్టల కొట్టులో చీర అంచును నిలువుటద్దానికి ఆనించి ఒక అంచును రెండుగా చూపడం నేను పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. కాళ్ల మధ్య ఉన్నవి అద్దాలు, మేము చూస్తున్నది వాటిలో కనిపించే పక్క తెరను, ఆ పిల్ల అద్దాల వెనక కూర్చుని ఉంది! కనిపెట్టానన్న సంబరం ఎంతోసేపు నిలవలేదు. తల అబద్ధమైతే అది చెప్పిన మాట మాత్రం నిజమవుతుందా?

ఆ మరునాడు పిన్నమ్మ సేమ్యా వండి వీధంతా పంచింది. నా నోట్లో నువ్వుగింజ నానదు. అయినా కొన్నాళ్లు ఎలాగో ఓర్చుకుని, చివరికి కొళాయి దగ్గర బయటపెట్టేశాను.

"మే షకీలా, ఆ డేరాలో తలా లేదు, ఏమీ లేదు. అంతా అద్దమే. నీ దండ రెండుగా కనపడలేదా?"

షకీలా బిందె మీంచి చూపు తిప్పలేదు. "నాకూ కనపడిందిలే. గట్టిగా అనొద్దు. మాయమ్మ ఆ పొద్దు నుంచే అన్నం తింటాంది."

వాళ్ల నాన్న రంజాన్‌కు రాలేదు, బక్రీద్ దాటాక వచ్చాడు. పండగ తప్పినా మాట తప్పలేదని పిన్నమ్మ మురిసిపోయింది.

ఇప్పుడు ఎగ్జిబిషన్‌లో అలాంటి డేరాలు లేవు. ఏ గారడీ గుట్టయినా పిల్లలు ఫోన్‌లో చూసేస్తున్నారు. మొన్న కొన్న దండ కమలాపురంలో షకీలా దగ్గరున్న పిన్నమ్మకే తీసుకుపోయాను. అందుకుని వాసన చూస్తూ, "ఆ పళ్లెంలో పాప శానా మంచిదమ్మా, చెప్పినట్టే మనిషిని తెచ్చిచ్చింది," అంది.

నేనూ షకీలా ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.