ఖాళీ ఉంటే ఆగిపోవాలి

మా ల్యాబులో చిన్నమ్మలక్కకు సర్వర్లు అప్పగించిన రోజున నవ్వినవాళ్లలో నేనే మొదటివాణ్ణి. నా పని రక్తం తీయడం. అనకాపల్లిలో ఏ వీధిలో ఎవరికి నరం దొరకదో చెప్పగలను గాని, కంప్యూటర్ల సంగతి నాకు బొత్తిగా తెలియదు. తెలియకపోతే మాత్రం నవ్వడానికి అడ్డేముంది? పద్దెనిమిదేళ్లు శుభలేఖల ప్రెస్సులో టైపు కొట్టిన మనిషి మా దగ్గర రిపోర్టులు ప్రింటు తీయడానికి చేరింది. ఫోనులో పాఠాలు చూసి సర్వర్లు నేర్చుకున్నానంటే ఎవరు నమ్ముతారు?

మా డాక్టరు సన్యాసిరావుగారు నమ్మారు, అదీ సగమే. చుట్టుపక్కల ఊళ్లలో ఆయనకు పదకొండు సెంటర్లున్నాయి. ఒక్కోచోట ఒక చిన్న సర్వరు. పరీక్షలో ప్రాణం మీదికొచ్చే ఫలితం ఏదైనా కనబడితే, ఆ సెంటరు అత్యవసర నంబరుకు అదే వెంటనే మెసేజ్ పంపాలి. ఇదివరకు బయటినుంచి ఒక ఇంజినీరు వచ్చేవాడు. పాత సెంటరు సెట్టింగుల ఫైలు కాపీ చేసి, పేరు మార్చి, టీ తాగి పోయేవాడు. మిగతావన్నీ మార్చాడో లేదో ఆ దేవుడికే ఎరుక.

మొన్న జూలైలో కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. పదకొండు సర్వర్లూ ఒక్క ఆదివారంలో మారాలి. “సోమవారం ఏడింటికి అన్ని సెంటర్లూ తెరుచుకోకపోతే ఈ పని విశాఖ కంపెనీకి ఇచ్చేస్తాను. నువ్వు మళ్లీ ప్రింటరు దగ్గర కూర్చుంటావు,” అన్నారు డాక్టరుగారు. ఆమె సరేనంది. మజ్జిగ కావాలా అని అడిగినప్పుడు కూడా అలాగే సరేనంటుంది.

నేను ఊరుకోలేక అడిగాను. “ఎలా చేస్తావక్కా?”

“అన్ని సెంటర్లకీ ఒకటే ఉన్న ముక్క ఒకపాలి రాసేను కన్నబాబూ. దాన్నే టెంప్లేటంటారు. తేడా ఉన్నకాడ ఖాళీ ఒగ్గేసేను. ఏ సెంటరు ఖాళీలో ఏటి పడాలో ఈ పట్టీలో ఉంది. ప్రోగ్రాము రెండూ కలిపి ఫైలు తయారుచేసి సర్వరుకి అంపుతాది.”

“పట్టీలో లేకపోతే?”

“ఆగిపోద్ది.”

“ఆగిపోవడం ఏమిటి? ఏదో ఒకటి పెట్టుకోవాలి గదా.”

ఆమె టేబులు అద్దం కిందనున్న పాత శుభలేఖ చూపించింది. ఇరవైమూడేళ్ల వయసులో తను తయారుచేసిందట. వేరే పెళ్లి కార్డు ఫైలు తీసుకుని దాని మీదే పేర్లు మార్చింది. పైన శ్రీదేవి అని సరిగ్గానే పడింది. లోపలి పేజీలో మాత్రం అంతకుముందు పెళ్లికూతురు సుప్రియ అలాగే ఉండిపోయింది. వంద కార్డులు పంచాక గాని ఎవరూ చూడలేదు. “ఆ పిల్ల తల్లి ప్రెస్సుకొచ్చి, తిట్టనేదు. కార్డు పట్టుకుని ఏడిసింది. అప్పట్నుంచి పాత ఫైలు మీద కొత్తది రాయడం మానేసేను,” అంది. ఆ తరువాత ప్రతి కార్డుకీ పేర్లన్నీ ఖాళీగా ఉన్న ఫైలే వాడిందట. ఒక్క ఖాళీ మిగిలినా మెషినెక్కించేది కాదు. నాకు నవ్వు తగ్గింది గాని పూర్తిగా పోలేదు.

ఆదివారం పది సెంటర్లు గంటలో అయిపోయాయి. తుమ్మపాల సెంటరుకైతే రెండు నిమిషాలే పట్టింది. డాక్టరుగారు కుర్చీ దగ్గరికి లాక్కుని మరీ చూశారు. పదకొండోది మాకవరపాలెం. స్క్రీను మీద ఎర్రగీత వచ్చి ఆగింది: అత్యవసర నంబరు ఖాళీ.

అక్క ముందుగానే ఆ పది సెంటర్లకీ ఫోన్ చేసి, వాళ్ల నోటితో చెప్పించుకున్న నంబర్లే పట్టీలో వేసింది. మాకవరపాలెం సెంటరు చూసుకునే పైడితల్లి రేపు చెబుతానని మరిచిపోయింది. ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు.

“పాత ఫైల్లో నంబరుంది గదా, అదే పెట్టెయ్,” అన్నారు డాక్టరుగారు.

“పెట్టను డాక్టరుగోరూ. ఖాళీ ఉంటే కనబడతాది. తప్పుంటే కనబడదు.”

“సోమవారం ఏడింటి మాట గుర్తుందా?”

“ఉంది.”

ఆయన ముఖం చూసి నాకు చెమట పట్టింది. ఉద్యోగం ఆమెది, చెమట నాది. ఇక అక్కడ నిలబడలేక బండి తీశాను. దారి పొడుగునా ఆమెను తిట్టుకుంటూనే మాకవరపాలెం చేరాను. పైడితల్లి ఊడ్పుల్లో ఉంది. ఫోను ఇంట్లో వదిలేసింది. పాత నంబరు చెబితే నవ్వేసింది. “అది మా ఊరి ఆస్పత్రి డాక్టరుగోరిది. ఆయన బదిలీ అయిపోయి ఆర్నెల్లయిపోనాది. నా నంబరే ఎయ్యండి.”

నేను ఫోన్‌లో నంబరు చెబితే అక్క దానితో తృప్తిపడలేదు. “ఆలింటికి ఎల్లు. నేను ఆ నంబరుకి సేత్తాను, మోగిందో నేదో సూసి సెప్పు.” బురదకాళ్లతోనే పైడితల్లి ఇంటికి నడిచింది. టీవీ పక్కనున్న ఫోను మోగింది. సాయంత్రం ఐదింటికి పదకొండో సర్వరు పూర్తయింది. సోమవారం ఏడింటికి అన్ని తలుపులూ తెరుచుకున్నాయి.

గురువారం పొద్దున మాకవరపాలెంలో ఒక చెరకు రైతు రక్తంలో పొటాషియం హద్దు దాటింది. మెసేజ్ వెళ్లిన పది నిమిషాల్లో పైడితల్లి ఆయన పొలానికి పరుగెత్తింది. ఆటోలో ఆస్పత్రికి చేర్చారు. గుండె ఆగిపోయేదే, ఇంకో గంట ఆగితే చేతులెత్తేసేవాళ్లమని అక్కడి డాక్టరు చెప్పాడట. మనిషి బతికాడు.

ఆ కబురు తెచ్చింది డాక్టరుగారే. ఆయన మాట దాచుకునే మనిషి కాదు. “నేనైతే పాత నంబరే పెట్టించేవాణ్ణి చిన్నమ్మలూ,” అన్నారు. ఆ మాట చెప్పి తన గదికి వెళ్లిపోయారు.

అక్క సర్వరులోంచి ఆ మెసేజ్ తీసి స్క్రీను మీద పెట్టింది. ప్రెస్సులో ప్రూఫు చూసినట్టు వేలు పెట్టి చదివింది. పేరు. ఊరు. నంబరు. చివరిదాకా వెళ్లి మళ్లీ మొదలుపెట్టింది. రెండోసారి నంబరు దగ్గర వేలు ఆగిపోయింది. నేను నవ్విన నవ్వులన్నీ తలుచుకుని సిగ్గుపడ్డాను, ఆ మాట ఆమెకు చెప్పాను కూడా.

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని, అద్దం కింద శుభలేఖ వైపు చూసింది.

“ఈపాలి ఎవులి కార్డు ఆలకే ఎల్లింది కన్నబాబూ,” అంది.