కోస్గి దాకా టక్కుమన్న సైకిల్

నా గేర్ల సైకిల్‌లో ఒక శబ్దం మొదలై రెండు నెలలైంది. దానివల్ల ఒక మంచి మనిషితో నా స్నేహం చెడే దాకా వచ్చింది. ఈ మధ్య ఒక ఆదివారం మహబూబ్‌నగర్ నుంచి కోస్గికి వెళ్లింది ఆ శబ్దం ఎక్కడి నుంచి వస్తోందో తేల్చుకోవడానికే. అయినా ఆ దారి సైకిల్‌కు చాలా బాగుంటుంది. వెళ్లాలనుకునేవాళ్లకు పనికొస్తుందని దూరాలు, సమయాలతో సహా రాస్తున్నాను. నేను చాలా ఏళ్లు బస్సు కండక్టర్‌గా పనిచేసి మానేసినవాణ్ని. టికెట్లు కొట్టుకుంటూ సరిగా చూడలేకపోయిన ఊళ్లను ఇప్పుడు సైకిల్ మీద చూస్తున్నాను. పేరు అంజయ్య అయినా మా పేటలో ఇప్పటికీ అందరూ కండక్టర్ సాబ్ అనే పిలుస్తారు.

సైకిల్ ఇనుప ఫ్రేముది, హైదరాబాద్‌లో ఎవరో వాడి అమ్మితే కొన్నది. వానాకాలం చివర్లో పెడళ్ల దగ్గర గరగర మొదలైతే ఖాదర్ భాయ్ దుకాణానికి తీసుకెళ్లాను. గడియారం చౌరస్తాకు దగ్గర్లోనే ఉంటుంది ఆయన దుకాణం. రెండు పెడళ్లనూ కలిపే ఇరుసు ఫ్రేమ్ అడుగున ఒక గొట్టంలో తిరుగుతుంది కదా, దాన్ని బేరింగులతో సహా మెకానిక్‌లు బీబీ అంటారు. ఖాదర్ భాయ్ అది అరిగిపోయిందని కొత్తది వేశాడు. గరగర పోయింది. కానీ వారం తిరక్కుండానే కొత్త శబ్దం వచ్చింది. కుడికాలు కిందికి నొక్కిన ప్రతిసారీ ఒక టక్. అది కూడా పది కిలోమీటర్లు తొక్కిన తర్వాతే, ఎత్తు ఎక్కేటప్పుడే. దుకాణం ముందు సందులో ఎంత తొక్కినా రాదు. ఖాదర్ భాయ్ మూడుసార్లు విప్పి బిగించాడు, మూడుసార్లూ నా దగ్గర ఏమీ తీసుకోలేదు. మూడోసారి మాత్రం నవ్వి, చప్పుడు సైకిల్‌లో లేదు, మీ చెవిలో ఉందన్నాడు.

ఆ మాట నాకు కోపం తెప్పించింది. మేము ఆరేడుగురం పొద్దున్నే సైకిళ్లు తొక్కి ఒకచోట టీ తాగుతాం. అక్కడ, ఖాదర్ చేతిలో పెట్టాకే నా సైకిల్ పాడైందని చెప్పాను. ఒకసారి కాదు, నాలుగైదు పొద్దుల్లో చెప్పి ఉంటాను. మాలో ఇద్దరు తమ సైకిళ్లను వేరే దుకాణానికి మార్చారు. ఆ సంగతి ఆయన చెవిన పడింది. శుక్రవారం మధ్యాహ్నం నమాజ్ అయ్యాక మా ఇంటికొచ్చి గడపకు అవతలే నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

“కండక్టర్ సాబ్, నా పని ఖరాబుంటె నా ముంగట చెప్పుండ్రి. టీ కాడ చెప్తె నాకెట్ల ఎరుకైతది? గా చప్పుడు నాకు ఇంతదాంక ఇనపడలే. ఎల్లుండి కోస్గికి మా ఆపా దగ్గరికి పోతున్న. మీరు సైకిల్ మీద రాండ్రి, నేను ఎనక బండి మీద వస్త. దారిల యాడనన్న నాకు ఇనిపియ్యుండ్రి.”

నాకూ అదే సరైన పని అనిపించింది. పైగా ఆ తర్వాతి ఆదివారం మా గుంపంతా శ్రీశైలం ఘాట్‌కు వెళ్దామని అనుకుని ఉన్నాం. ఆలోపు శబ్దం సంగతి తేలిపోవాలి.

ఆదివారం ఆరుకు పది నిమిషాల ముందు గడియారం చౌరస్తా నుంచి బయలుదేరాం. నవంబర్ పొద్దు కాబట్టి చలి పలచగా ఉంది. ఖాదర్ భాయ్ మోపెడ్ ముందు పనిముట్ల సంచి, రెండు పాత పెడళ్లు, ఆపా, అంటే వాళ్ల అక్క కోసం ఒక బన్ను ప్యాకెట్ ఉన్నాయి. హన్వాడ పన్నెండు, పదమూడు కిలోమీటర్లు ఉంటుంది. రోడ్డు బాగుంది, ఆ వేళకు లారీలు తక్కువ. ఏడు లోపే చేరాం. బస్సులు ఆగే చోట ఒక ఆమె ఇడ్లీలు, మిరపకాయ బజ్జీలు వేస్తోంది. పల్లీల చట్నీ కారం గట్టిగా ఉంది. ఇద్దరికీ టీతో కలిపి వంద కూడా కాలేదు. ఈ దారిలో వెళ్లేవాళ్లు కడుపు నింపుకోవాల్సింది ఇక్కడే. మహమ్మదాబాద్ దాకా మధ్యలో తిండి దొరకడం కష్టం.

హన్వాడ దాటాక రోడ్డు మెల్లగా పైకి లేస్తుంది. రెండు పక్కలా గుట్టలు, ఎర్ర చెలక నేలలు, అక్కడక్కడ ఏరడానికి వచ్చిన పత్తి. మొదటి ఎత్తులోనే శబ్దం మొదలైంది. టక్. టక్. చెయ్యి ఊపి ఖాదర్ భాయ్‌ని పిలిచాను. ఆయన పక్కకు వచ్చాడు గానీ తల అడ్డంగా ఊపాడు. మోపెడ్ చప్పుడులో ఇంకేమీ వినపడడం లేదు. అప్పుడు ఒక ఉపాయం పన్నాం. ఆయన ముందు వెళ్లి ఎత్తు సగంలో బండి ఆపి, ఇంజిన్ కట్టేసి, రోడ్డు అంచున కూర్చుంటాడు. నేను ఆయన ముందునుంచి తొక్కుకుంటూ పోతాను. మొదటిసారి పోయినప్పుడు గొర్రెల మంద అడ్డం వచ్చింది. మందను తోలుతున్న ముసలాయన మేమేం చేస్తున్నామో కాసేపు చూసి, గొర్రెలను ఆపి, సైకిల్ పోయినాకనే తోలుతాలే అన్నాడు. రెండోసారి పోయినప్పుడు ఖాదర్ భాయ్ తల చటుక్కున లేచింది.

నేను దిగి వెనక్కి వచ్చేసరికి ఆయన నిలబడి ఉన్నాడు. “ఇనపడ్డది,” అన్నాడు. ఆ తర్వాత, “మీ చెవిల ఉందని అనకుండ ఉండాల్సింది,” అన్నాడు.

అక్కడి నుంచి మా ప్రయాణం తీరే మారిపోయింది. ఇద్దరికీ ఒకటే ఆత్రం, అది ఎక్కడుందని. ప్రతి ఎత్తు దగ్గరా ఆగి ఒక్కో అనుమానం తీర్చుకుంటూ పోయాం. సీటు మీద నుంచి లేచి తొక్కాను, శబ్దం ఆగలేదు. అంటే సీటు కాదు. పెడళ్లు మార్చి ఆయన తెచ్చినవి వేశాం, ఆగలేదు. వెనక చక్రం విప్పి ఇరుసు తుడిచి మళ్లీ బిగించాం, ఆగలేదు. చైన్‌ను ముందున్న చిన్న పళ్ల చక్రం మీదికి మారిస్తే ఇంకొంచెం గట్టిగా వచ్చింది. పల్లంలో తొక్కకుండా వదిలేస్తే మాత్రం చీమ చిటుక్కుమన్నంత కూడా లేదు. ఒక ఎత్తులో ఖాదర్ భాయ్ మోపెడ్ వదిలేసి నా పక్కన పరుగెత్తాడు, ఫ్రేమ్ మీద అరచెయ్యి ఆనించి. యాభై దాటిన మనిషి, చెప్పులతో. ఎదురొచ్చిన బస్సు డ్రైవర్ వేగం తగ్గించి మమ్మల్ని చూసుకుంటూ పోయాడు. పైకి చేరాక ఖాదర్ భాయ్ మోకాళ్లు పట్టుకుని ఊపిరి తీసుకుంటూ, దెబ్బ చేతికి తెలుస్తోందని, కింద నుంచే వస్తోందని చెప్పాడు.

మహమ్మదాబాద్ చేరేసరికి తొమ్మిదిన్నర. ఆగకుండా తొక్కితే ఎనిమిదికే రావచ్చు. టీ తెప్పించుకుని కూర్చున్నాక ఖాదర్ భాయ్ వేళ్ల మీద లెక్కబెట్టాడు. సీటు, పెడళ్లు, వెనక చక్రం, చైన్, ఇవేవీ కాదని తేలిపోయింది.

“ఇగ మిగిలింది నేనేసిన బీబీనే,” అన్నాడు. “మీరు అన్నదే నిజమేమో. మూడుసార్లు ఇప్పిన. మూడుసార్లు నాకు సమజ్ కాలే అంటె, నా చెయ్యి మునుపటి లెక్క లేదేమో.”

రెండు నెలలుగా నేను ఎదురుచూసిన మాట అది. కానీ ఆయన టీ గ్లాసును పట్టుకున్న తీరు చూస్తే నాకు సంతోషం కలగలేదు. ముప్పై ఏళ్లుగా అదే పని మీద బతుకుతున్న మనిషి. తన చేతుల మీదే తనకు నమ్మకం పోయిందని ఒక టీ కొట్టు బల్ల మీద కూర్చుని నాతో చెబుతున్నాడు. కోస్గి పోయినాక విప్పి చూద్దాం అని మాత్రం అనగలిగాను.

మిగిలిన దారంతా కంది చేలు. ఈ నెలలో వెళ్తే కళ్ల నిండా పసుపు పూలే. ఎండ ఎక్కువైనా గాలి వస్తూ ఉంటుంది. పదకొండుకు కోస్గి చేరాం. ఖాదర్ భాయ్ అక్క మహబూబీ ఇల్లు ఊరి మొదట్లోనే. ఇంటి ముందు రేకుల పందిరి కింద ఆమె పాల క్యాన్లు, బకెట్లు, మందు కొట్టే డబ్బాలు అతికే పని చేస్తుంది. భర్తతో కలిసి మొదలుపెట్టిన పని. ఆయనకు చూపు తగ్గాక ఆమే చేస్తోంది. తమ్ముడితో ఉర్దూలో, నాతో తెలుగులో మాట్లాడుతూనే చేతిలోని క్యాన్‌ను వదల్లేదు.

ఖాదర్ భాయ్ మంచినీళ్లు తాగి, గోనెసంచి పరిచి సైకిల్‌ను తలకిందులుగా పెట్టాడు. బీబీ మొత్తం విప్పి ఒక్కొక్క భాగాన్ని తుడిచి గుడ్డ మీద పేర్చాడు. బేరింగులు నున్నగా తిరుగుతున్నాయి. ఇరుసు మీద ఒక్క గీత లేదు. మరలు దృఢంగా ఉన్నాయి. ఎక్కడా ఏ తప్పూ దొరకలేదు. తప్పు దొరక్కపోవడం చూసి ఆయన ఇంకా దిగులుపడ్డాడు.

మహబూబీ అప్పటిదాకా మమ్మల్ని గమనిస్తూనే ఉంది. “నట్లు, బోల్టులు అన్ని ఇప్పిండ్రు,” అంది. “పైపులు చూసిండ్రా అన్నా?”

పైపుల్లో విప్పేదేముంది, అవి అతుకుపెట్టినవి కదా అన్నాను. ఆమె తన చేతిలోని క్యాన్ తిప్పి చూపించింది. అడుగున అతుకు వెంబడి తెల్లటి సుద్ద పూత, ఆ పూతలో సన్నటి నల్ల గీత. పాలు ఎక్కడ కారుతున్నాయో కంటికి కనపడనప్పుడు చేసే పని ఇది అని చెప్పింది. డీజిల్ పూసి కాసేపు ఉంచితే అది పగుళ్లలోకి దిగుతుంది. పైన అంతా తుడిచేసి సుద్ద పొడి రాస్తే, లోపల దాక్కున్న డీజిల్ మళ్లీ పైకి వచ్చి సుద్దను తడుపుతుంది. పగులు ఉంటే అదే కనపడుతుంది.

ఫ్రేమ్ అడుగు గొట్టం చుట్టూ, దానికి కలిసే పైపులన్నింటి అతుకుల దగ్గర ఆమె గుడ్డతో డీజిల్ పూసింది. అది దిగేలోపు తినమంది. అప్పుడే కాల్చిన జొన్న రొట్టెలు, పుంటికూర పప్పు, వేయించిన పల్లీలు. నేను తింటూనే పందిరి వైపు చూస్తున్నాను. రొట్టె బాగుందా అని ఆమె అడిగితే ఏం చెప్పానో గుర్తు లేదు. అరగంట తర్వాత తుడిచి సుద్ద పట్టించింది. మొదట ఏమీ లేదు. తర్వాత సీటు పైపు వచ్చి అడుగు గొట్టానికి కలిసే చోట, వెనక వైపు, ఒక వెంట్రుక లాంటి గీత తేలింది. చూస్తుండగానే అది రెండు పక్కలకూ పాకింది. పైపు చుట్టూ సగానికి పైగా.

ఖాదర్ భాయ్ సైకిల్‌ను నిలబెట్టి, కుడివైపు నుంచి అడుగు గొట్టాన్ని కాలుతో ఒక్క నొక్కు నొక్కాడు. గీత నోరు తెరిచి మూసుకుంది. టక్.

నాకు ఘాట్ దిగుడు మలుపులు కళ్ల ముందు తిరిగాయి. వచ్చే ఆదివారం వాటిలో ఈ ఫ్రేమ్ మీద, అంత వేగంలో ఉండేవాణ్ని. పక్కనున్న డబ్బా మీద కూర్చున్నాను. అప్పుడు ఖాదర్ భాయ్ నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. ఈ పగులు ఎప్పటినుంచో ఉండి ఉంటుందట. పాత బీబీ గరగరలో దాని చప్పుడు కలిసిపోయింది. కొత్తది వేసి గరగర ఆపేశాక ఇది ఒక్కటే మిగిలి బయటికి వినిపించింది. అంటే ఆయన పని బాగా చేయడం వల్లే నాకు ఆ శబ్దం తెలిసింది. దాన్నే నేను ఊరంతా తిరిగి ఆయన తప్పుగా చెప్పాను. పది కిలోమీటర్ల తర్వాతే ఎందుకు వచ్చేదో మాత్రం ఇద్దరికీ ఇప్పటికీ తెలియదు.

“తప్పయింది ఖాదర్ భాయ్,” అన్నాను.

“మూడుసార్లు గదే జాగల చెయ్యి పెట్టిన సాబ్. తుడిచి చూడలే,” అన్నాడు ఆయన. “మీ మాట నమ్మలే గద నేను.”

దీన్ని అతకగలరా అని మహబూబీని అడిగాను. అతుకుతాను గానీ ఎక్కనివ్వను, పాల క్యాన్ పగిలితే పాలే పోతాయి అంది. చక్రాలు ఊడదీసి, ఫ్రేమ్‌ను గోనెసంచిలో చుట్టి నాకు అప్పగించారు. ఖాదర్ భాయ్ సాయంత్రం దాకా అక్కడే ఉండిపోయాడు. నేను రెండు దాటాక బస్సెక్కాను. గంటన్నరలో మహబూబ్‌నగర్. కండక్టర్ సామాను టికెట్ కొట్టి, సంచిని వెనక సీటు కింద పెట్టుకోమన్నాడు. పండగ రోజులు కాకపోతే ఎవరూ అభ్యంతరం చెప్పరు.

మర్నాడు టీ దగ్గర జరిగినదంతా చెప్పాను. చెప్పడం అనుకున్నంత తేలిక కాలేదు. దుకాణం మార్చిన ఇద్దరిలో ఒకాయన వెంటనే ఖాదర్ భాయ్ దగ్గరికి వెళ్లాడు, ఇంకొకాయన వెళ్లలేదు. శనివారం మా గుంపు సైకిళ్లన్నీ ఆయన దుకాణం ముందు డీజిల్, సుద్ద పూసుకుని వరసగా నిలబడ్డాయి. దేనికీ గీత రాలేదు. వాళ్లు ఘాట్‌కు వెళ్లొచ్చారు. నాకు సైకిల్ లేదు కాబట్టి నేను ఆ ఆదివారం ఖాదర్ భాయ్ దుకాణంలో కూర్చున్నాను.

శబ్దం విన్న మొదటి రోజే కారణం నాకు తెలిసిపోయిందనుకున్నాను. అక్కడి నుంచి వెతకడం మానేసి, నాకు తెలిసినదాన్ని నలుగురికీ చెప్పడం మొదలుపెట్టాను. ఖాదర్ భాయ్ వినపడకపోతే లేదనుకున్నాడు. మేమిద్దరం ఒకే రోడ్డు మీద ఒకే పూట నడిస్తే తప్ప అసలు సంగతి దగ్గరికి రాలేకపోయాం. అది కూడా రేకుల పందిరి కింద మూడో మనిషి, సైకిల్ ఎన్నడూ తొక్కని మనిషి, ఒక ప్రశ్న అడిగితేనే. నేను ఎన్నో మంచి దారులు తొక్కాను గానీ, ఇంత నెమ్మదిగా, ఇంతసేపు చెవులు రిక్కించి ఏ దారినీ దాటలేదు.

ఇనుప సైకిల్ మీద దూరం వెళ్లేవాళ్లకు ఒకటే సలహా. ఘాట్ రోడ్డు ఎక్కే ముందురోజు ఫ్రేమ్‌ను శుభ్రంగా కడిగి, అతుకుల దగ్గర డీజిల్ పూసి, అరగంట ఆగి, తుడిచి సుద్ద రాయండి. తెలుపు తెల్లగానే ఉంటే బయలుదేరండి.